రామాంజినమ్మ జామీను

మా పెద్దమ్మ రామాంజినమ్మ నోరు మంచిది కాదని మా ఊళ్లో అందరూ అంటారు. నేనూ అంటాను. ఆ నోటికి అందరికంటే ఎక్కువ దొరికినదాన్ని నేనే మరి. ఆమె మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచి, కొట్టి, తిట్టి, పదో తరగతి దాకా చదివించింది. నాకు అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చిన రోజు, "ఇంగన్నా తల దువ్వుకోవే హేమలతా, కోతి మొగందానా" అని దీవించింది. వేరుశెనగ చేలల్లో చెనిక్కాయ పెరికే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. ఆమె వెనక నిలబడి ఉంటే చేలో ఎవరూ నడుము ఎత్తేవారు కాదు. భర్త చనిపోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవలేదట. ఆమె ఏడవగా నేను చూసింది చాలా కాలం తర్వాత, అదీ మీనమ్మ కోసం.

మీనమ్మ అసలు పేరు మిలేనా. ఆమెది యుగోస్లావియా. ఒక కరువు ఏడు మా చిన్నగుట్టపల్లిలో కుంట పూడిక తీస్తుంటే చూడటానికి కొంతమంది విదేశీయులు జీపులో వచ్చారు. అందరూ ఫొటోలు తీసుకొని వెళ్లిపోయారు. ఈమె ఒక్కతే జ్వరంతో పడిపోయి వెళ్లలేకపోయింది. తెల్లమనిషి చనిపోతే జవాబు ఎవరు చెప్పాలని ఊరి పెద్దలు జంకుతుంటే, మా పెద్దమ్మ మంచంతో సహా మోయించి తన ఇంటికి తెచ్చుకుంది.

"సచ్చేదుంటే మా ఇంట్లోనే సావనీలేప్పా. యాడో ఒకచోట సావాల్సిందే కదా!" అందట.

మీనమ్మ చావలేదు. రాగిగంజి తాగి లేచి కూర్చుంది. లేచాక వెళ్లనూ లేదు. మొదట ఇంకో వారం అంది, తర్వాత ఇంకో నెల అంది, ఆ తర్వాత అడగడం మేమే మానేశాం. పెద్దమ్మ ఇంటి వెనక గొర్రెల కొట్టం ఖాళీగా ఉంటే అలికించి అందులో ఉంచింది. తమ దేశంలో ఆమె బట్టలు కుట్టే పని చేసేదట. మా ఊళ్లోనూ కుట్టింది. ఆమె కుట్టిన రవికె తొడుక్కుంటే కానిస్టేబులు చొక్కా తొడుక్కున్నట్టు ఉండేది. అయినా ఊళ్లో ఆడవాళ్లందరూ ఆ రవికెలే తొడుక్కున్నారు, ఎవరూ ఆమె ముఖాన ఒక మాట అనలేదు. మొగుడూ పిల్లలూ లేరు. ఒక తమ్ముడు ఉండేవాడు. వాళ్ల దేశంలో యుద్ధం మొదలయ్యాక అతను కబురు చేశాడు, రావద్దని. తర్వాత అతని కబురే లేదు. దేశం కూడా ముక్కలైపోయిందని రేడియోలో విన్నాం. ఆ రోజు మీనమ్మ మా గడప మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తూనే ఉంది. పెద్దమ్మ పక్కన కూర్చొని తానూ తీసింది.

కాలం అట్లాగే జరిగిపోయేది. కానీ రెండు వేల సంవత్సరంలో ఎక్కడెక్కడ పరదేశీయులు ఉన్నారో చూడమని పోలీసులకు పైనుంచి హుకుం వచ్చింది. వచ్చి చూశారు. మీనమ్మ వీసా ఎప్పుడో చెల్లిపోయింది. ఆమె పాసుపోర్టు మీద ఉన్న దేశం ఆ రూపంలో లేదు. దేశం విడిచి పొమ్మన్నారు. ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ దేశంలో ఒక ముక్కవాళ్లు ఆమె మా మనిషి కాదన్నారు, ఇంకో ముక్కవాళ్లు మా దగ్గర కాగితాలు కాలిపోయాయన్నారు. అది తేలేదాకా ఆమెను ఊళ్లోనే ఉంచడానికి ఒప్పుకొని, దానికి షరతులు పెట్టారు. ఊరి పొలిమేర దాటకూడదు. పోలీసులు ఏ రోజు వచ్చినా, ఏ పూట వచ్చినా ఇంటి దగ్గర కనబడాలి. తప్పితే తీసుకుపోయి, పంపించేదాకా పట్నంలో బంధించి ఉంచుతారు. ఆమె తప్పించుకుపోదని ఒకరు జామీను ఉండాలన్నారు.

పెద్దమ్మ బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. "దీనికి పారిపోయే తెలివి ఉంటే ఈ ఊర్లో ఏంటికి ఉంటాది సారూ?" అని అడిగింది. పోలీసులు కూడా నవ్వారు.

అప్పట్నుంచి మద్దిలేటి అనే కానిస్టేబులు ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా వచ్చేవాడు. మంచివాడే. అతని అడుగుల చప్పుడు వినగానే మీనమ్మ ఎక్కడున్నా, స్నానం చేస్తున్నా సరే, "ఉండానప్పా, ఉండా!" అని కేకేసేది. అతను మజ్జిగ తాగి వెళ్లేవాడు. నవ్వులాటగానే ఉండేది. కానీ నాకు ఒళ్లు మండేది. ముప్పొద్దులా మా పిల్లల ముక్కులు తుడిచే మనిషిని దొంగను చూసినట్టు చూసిపోవడం ఏమిటి? పొలిమేర రాయి దాకా వెళ్లి చెనిక్కాయ చేలో మాతో పాటు దిగలేక గట్టు మీద కూర్చొనేది. అవతలి చేను పక్క ఊరిది మరి. మేము పెరికి తెస్తే కాయలు ఒలిచేది.

అనంతపురంలో పద్మావతమ్మ అని ఒక వకీలు ఉంది. నేనే వెళ్లి ఆమె కాళ్లావేళ్లా పడ్డాను. ఆమె అర్జీ పెట్టింది. ఈ మనిషికి పోవడానికి దేశం లేదు, వయసు మీద పడుతోంది, ఊరు చూసుకుంటానంటోంది, ఇక్కడే ఉండనివ్వండి అని. ఊరంతా సంతకాలు చేసింది. "అధికారులు విచారణకు వస్తారు. ఆమె బుద్ధిగా ఉందని, షరతులు ఒక్కటీ తప్పలేదని చూస్తే చాలు, పని అయ్యేలాగే ఉంది. ఒక్కసారి కూడా తప్పకుండా చూసుకోండి" అని వకీలమ్మ నాకూ పెద్దమ్మకూ గట్టిగా చెప్పింది.

అప్పుడు మాఘ పున్నమి వచ్చింది.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. మాఘ పున్నమి రోజు మేము ఊరు విడుస్తాం. తెల్లవారకముందే పొయ్యిల్లో నిప్పు ఆర్పి, దీపాలు ఆర్పి, ఇళ్లకు తాళాలు వేసి, ఎద్దులూ గొర్రెలూ కుక్కలూ కోళ్లతో సహా పొలిమేర దాటి గుట్ట మీదికి పోతాం. పొద్దు మునిగేదాకా ఊళ్లో ఒక్క ప్రాణం కూడా ఉండకూడదు. బాలింతైనా, మంచం పట్టినవాళ్లైనా మోసుకుపోవలసిందే. ఆ రోజు ఊరు అమ్మవారిదట, ఆమె ఒక్కతే వీధుల్లో తిరుగుతుందట. ఎవరైనా మిగిలి ఉంటే ఆ ఏడు ఊళ్లో పసిపిల్లలు దక్కరని పెద్దల మాట.

నేను పిల్లలకు పోలియో చుక్కల మందు వేయించేదాన్ని, నీళ్లు కాచి తాగమని నోరు నొప్పి పుట్టేలా చెప్పేదాన్ని. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. కానీ తొంభై తొమ్మిదిలో ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. ఆ ఏడు పున్నమికి, మంచంలో ఉన్న కొండప్ప తాతను ఎత్తుకుపోలేక అతని కొడుకులు లోపల పెట్టి తాళం వేసి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశారు. వానలు మొదలవగానే ఊళ్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరు పిల్లలు పోయారు. అందులో ఒకడు పెద్దమ్మ మనవడు ఓబుళేసు. మూడేళ్లవాడు. వాడు పోయిన తర్వాత కొండప్ప సంగతి బయటపడింది. బోరు పక్కన మురుగు చేరి నీళ్లు చెడ్డాయని డాక్టరు చెప్పాడు, నేనూ చెప్పాను. పెద్దమ్మ నా వైపు చూసి, "నీ నీల్లు నువ్వే తాగు పోవే" అంది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మనవణ్ణి పోగొట్టుకున్న మనిషితో ఏమని వాదిస్తాం?

కాబట్టి ఈసారి మీనమ్మను ఏం చేయాలనేది పెద్ద తగువైంది. పొలిమేర దాటితే షరతు తప్పినట్టు. దాటకపోతే పండగ చెడినట్టు. ఊరి పెద్ద నరసింహప్ప రచ్చకట్ట మీద కూర్చొని తేల్చి చెప్పాడు.

"ఒక్క పానం ఉన్నా ఉన్నట్టే మే, రామాంజినమ్మా. తెల్ల పానమని అమ్మవారు ఇడ్సిపెడతాదా? ఆయమ్మ కూడా ఈ ఊరి మనిషే కదా."

ఆ చివరి మాట విని మీనమ్మ సంతోషపడింది. నిజం చెబుతున్నాను, ముఖం వెలిగిపోయింది. తనను ఊరి మనిషి అన్నారు కదా.

పెద్దమ్మ స్టేషనుకు వెళ్లి చెప్పి వస్తానని బస్సెక్కింది. మద్దిలేటి ఎక్కడో బందోబస్తుకు వెళ్లాడు. గుమ్మం దగ్గర ఉన్న కుర్ర కానిస్టేబులుకు అంతా చెప్పింది. అతను నవ్వి, "ఊరంతా తాళాలేసుకొని పోతారా? దొంగలకు డప్పు కొట్టి మరీ చెప్పండి" అన్నాడట. రాసి ఇమ్మనలేదు, ఈమెకు అడగాలని తెలియదు. "చెప్పొచ్చినాలే. మాట చెప్పినాక ఇంగేముండాది?" అంది తిరిగొచ్చి. మా ఊళ్లో పొలం సరిహద్దులు, పెళ్లి ముహూర్తాలు, నీళ్ల వంతులు అన్నీ నోటిమాట మీదే నడుస్తాయి. స్టేషను కూడా అట్లాగే అనుకుంది.

పున్నమి రోజు గుట్ట మీద అందరం ఉన్నాం. నిప్పు పెట్టకూడదు కాబట్టి ముందురోజు చేసిన జొన్నరొట్టెలు, పెరుగన్నం తిన్నాం. మీనమ్మ చుట్టూ పిల్లలు. చాలా రోజుల తర్వాత పొలిమేర దాటింది కదా, చిన్నపిల్లలా రాళ్లెక్కి తిరిగింది. శింగనమల చెరువు ఇక్కడి నుంచి కనిపిస్తుందా అని అడిగింది.

మధ్యాహ్నం దాటాక కింద దుమ్ము లేచింది. ఊరి వైపు ఒక జీపు, దాని వెనక ఇంకో కారు పోతున్నాయి.

మీనమ్మే ముందు చూసింది. లేచి నిలబడింది. "అక్కా, నా కోసమే వచ్చినారు. నేను దిగి పోతా."

నరసింహప్ప అడ్డం వచ్చాడు. "పొద్దుండాది ఇంకా. కూచో తల్లీ."

పెద్దమ్మ లేవలేదు. మీనమ్మ మణికట్టు పట్టుకుంది. ఎదురుగా గుట్ట రాళ్ల మీద పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్లనే చూస్తోంది పెద్దమ్మ.

"పోవద్దే మీనమ్మా," అంది. "సాయంత్రం నేనే వస్తా టేసనుకి. నేను చెప్పొచ్చినా కదా. మన పండగ సంగతి అందరికీ తెల్సు. పొద్దు మునగనీ."

మీనమ్మ ఆమె ముఖంలోకి చూసి, గొంతుక్కూర్చుని, పట్టుకున్న చేతిని విడిపించుకోకుండా అట్లాగే ఉండిపోయింది.

నాకు ఆగలేదు. ఊళ్లోకి అడుగు పెట్టకపోతే పోయె, పొలిమేర రాయి దగ్గర నిలబడి కేకేయొచ్చు కదా అని గుట్ట దిగి పరుగెత్తాను. రాయి దగ్గరికి వచ్చి గొంతు చిరిగేలా అరిచాను. కానీ వాళ్లు అవతలి బాట పట్టి అప్పటికే వెళ్లిపోతున్నారు.

ఆ వచ్చింది మద్దిలేటి కాదు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై, ఆయనతో పాటు వకీలమ్మ చెప్పిన విచారణ అధికారులు. మీనమ్మ ఇక్కడ ఉండొచ్చా లేదా అని రాయడానికి వచ్చినవాళ్లు. ఆ మనుషులు మా ఊళ్లో ఏం చూసి ఉంటారో తలుచుకుంటే ఒకోసారి నవ్వొస్తుంది, నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకుంటాను. వీధి వీధంతా తాళాలు. అడగడానికి ఒక ముసలమ్మ లేదు, మొరగడానికి కుక్క లేదు. ఒక మనిషిని దాచడానికి ఊరు ఊరే లేచిపోయిందని అనుకున్నారు. పొద్దు మునిగాక మేము దిగి వచ్చేసరికి పెద్దమ్మ తలుపుకు, మీనమ్మ షరతు తప్పిందని రాసిన కాగితం అంటించి ఉంది.

అదే సాయంత్రం పెద్దమ్మ స్టేషనుకు పోయింది. ఎస్సై ఆమె మాట సగంలో ఆపేశాడు.

"ఊరంతా పండక్కి వెళ్లిందా? నన్ను వెర్రివాణ్ణి చేయకండి. ఇన్నాళ్ల సర్వీసులో ఇలాంటి పండగ నేను వినలేదు."

తెల్లవారగానే జీపు వచ్చింది. మీనమ్మ సంచి సర్దుకొని గడప మీద కూర్చొని ఉంది. ఊరు మొత్తం చుట్టూ చేరి చెప్పింది, పండగని, నిజమని, కావాలంటే పక్క ఊళ్లను అడగమని. ఎంతమంది చెబితే అంత అనుమానం పెరిగింది వాళ్లకు. పెద్దమ్మ జీపు వెనక కమ్మీ పట్టుకొని వదల్లేదు.

"జామీను నేను కదా సారూ. ముద్ర నాది. నన్ను లోపలేయండి. దానికి షుగరుండాది, పొద్దున్నే ముద్ద తినకపోతే కండ్లు తిరుగుతాయి. నన్ను ఎత్తుకపోండి."

"అలా కుదరదమ్మా," అన్నాడు ఎస్సై. ఈసారి కొంచెం మెత్తగానే అన్నాడు. కానీ జీపు కదిలింది.

ఆ తర్వాత జరిగినదంతా కాళ్లరిగిపోవడమే. అర్జీ కొట్టేశారు. షరతు తప్పిన మనిషికి ఇక దారి లేదని వకీలమ్మ తల పట్టుకుంది. "ఒక్క రోజు కదమ్మా, ఒక్క రోజు," అంది నాతో, తిట్టినట్టూ కాదు, ఏడ్చినట్టూ కాదు. మద్దిలేటి వచ్చి పై అధికారులకు పండగ సంగతి చెప్పి చూశాడు. వాళ్లు ఆమెను గుట్ట మీద చూడలేదు, ఖాళీ ఇల్లు చూశారు. రాసింది అదే. పెద్దమ్మ ముందుగా చెప్పొచ్చిన మాట మాత్రం స్టేషనులో ఎక్కడా రాసి లేదు. మీనమ్మను హైదరాబాదులో, దేశం నుంచి పంపించాల్సిన పరదేశీయులను ఉంచే చోటికి తీసుకుపోయారు. మేము రెండుసార్లు వెళ్లాం. రక్తసంబంధం కాదని లోపలికి రానివ్వలేదు. గేటు బయట నుంచే పెద్దమ్మ "మీనమ్మా, ఉండావా?" అని అరిచింది. లోపల్నుంచి ఏమీ వినపడలేదు. ఒకవేళ పలికిందేమో, రోడ్డు చప్పుడులో మాకు వినపడలేదేమో.

పెద్దమ్మ ముఠాకు పోవడం మానేసింది. తిట్టడం కూడా మానేసింది. నేను కావాలని అన్నం మాడ్చి పెట్టాను, ఒక్క మాటైనా అంటుందేమోనని. మాట్లాడకుండా తినేసింది. అప్పుడు నాకు భయం వేసింది.

మరుసటి ఏడు, పున్నమి ఇంకా రాకముందు, ఆమె దేశపు ముక్కల్లో ఒక దేశం మీనమ్మను తీసుకోవడానికి ఒప్పుకుంది. ఆమె పుట్టిన ఊరున్న ముక్క కాదట అది. ఎవరో ఒకరు ఒప్పుకున్నారు, పంపించేస్తే పని అయిపోతుంది. మద్దిలేటి వచ్చి చెప్పాడు. జామీను ముగించడానికి పెద్దమ్మ వచ్చి వేలిముద్ర వేయాలని, ఆ సాకుతో మనిషిని చూపిస్తారని. అతనే టికెట్లు తీసి మాతో పాటు రైలెక్కాడు.

ఒక గదిలో, ఇనుప జాలీకి అటు మీనమ్మ, ఇటు మేము. ఆమె జుట్టు కత్తిరించేశారు. సగమైపోయింది మనిషి. పెద్దమ్మను చూడగానే లేచి, "ఉండానక్కా, ఉండా" అంది. నేను వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాను.

పెద్దమ్మ జాలీలో వేళ్లు దూర్చింది. తిన్నావా అని అడిగింది. మందులు ఇస్తున్నారా అని అడిగింది. అన్నిటికీ మీనమ్మ తలూపింది. తర్వాత ఆమే అడిగింది.

"అక్కా, పిల్లోల్లు ఎట్లుండారు? ఈ యేడు అందరూ బాగుండారా?"

మొన్నటి వానల్లో బాలప్ప చిన్న బిడ్డ పోయింది. ఏడాది నిండని పిల్ల. మళ్లీ అవే విరేచనాలు. గుట్ట మీద మీనమ్మ ఒళ్లోనే పడుకుంది ఆ పిల్ల పున్నమి రోజు. పండక్కి ఊళ్లో ఒక్క ప్రాణం కూడా మిగలని ఏడే పోయింది. పాడె కూడా అక్కర్లేని ఆ చిన్న మూటను పెద్దమ్మే తన చేతులతో మోసింది.

నేను పెద్దమ్మ వైపు చూశాను.

"అందరూ బాగుండారు," అంది పెద్దమ్మ. "ఒక్కరికి కూడా ఏమీ కాలే. నువ్వు దిగి పోకుండా ఉన్నందుకే."

మీనమ్మ ముఖం మీద ఎంత తేట వచ్చిందో ఎట్లా చెప్పను? జాలీ లోంచి పెద్దమ్మ వేళ్లు పట్టుకొని, "అయితే సరిపాయ," అంది. "నేను అదే అనుకుంటాంటి, ఈడ దినామూ. పిల్లోల్లు బాగుంటే సరిపాయలే అక్కా." అంతలో టైమైందని ఆమెను లోపలికి తీసుకుపోయారు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, నవ్వుతూ పోయింది.

ఆ మర్నాడు విమానం ఎక్కించారని మద్దిలేటి చెప్పాడు.

మీనమ్మను లోపలికి తీసుకుపోయాక పెద్దమ్మ వేలిముద్ర వేసి బయటికి వచ్చింది. గేటు దాటాక పది అడుగులు కూడా వేయలేదు. రోడ్డు పక్కన, బస్సుల పొగలో, జనం మధ్యలో చతికిలబడి, సిరా అంటిన చేతులతో నెత్తి కొట్టుకుంటూ గట్టిగా ఏడ్చింది. పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను లేవదీయబోతే నన్ను తోసేసింది.

"నేనే పట్టుకున్నానే దాన్ని," అంది. "పోతానంటే నేనే పోనీలేదే, హేమలతా."